చెప్పింది చెప్పినట్టు

ఫోరెన్సిక్ సైకాలజీ చదువు మీద తడలో స్మారక ఉపన్యాసం

తడ దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఒక లారీ, ఒక కారు ఒకదానికొకటి తగిలాయనుకుందాం. చుట్టూ మూగినవాళ్లలో ఒకరు "లారీ కారును రాసుకుంటా పోయింది" అంటారు. ఇంకొకరు "గుద్దేసింది" అంటారు. మూడోవారు "ఢీకొట్టింది" అంటారు. టీ అంగడి దగ్గర నిలబడి చూసిన మనిషి "నుజ్జు చేసేసింది" అంటాడు. జరిగింది ఒక్కటే, మాటలు నాలుగు. సాయంత్రం స్టేషన్‌లో ఆ నాలుగింటిలో ఏది కాగితం మీదికి ఎక్కుతుందో, కోర్టులో ఏళ్ల తరబడి నిలబడేది అదే.

ఈ తేడా ఎంత దూరం పోతుందో 1974లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కొలిచి చూశారు. 45 మంది విద్యార్థులకు రోడ్డు ప్రమాదాల ఫిలింలు చూపించి, కార్లు ఎంత వేగంగా వచ్చాయని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియాపదం మార్చారు. "ఒకదానికొకటి తాకినప్పుడు" అని అడిగితే సగటు జవాబు గంటకు దాదాపు 51 కిలోమీటర్లు. "నుజ్జయ్యేట్టు గుద్దుకున్నప్పుడు" అని అడిగితే దాదాపు 66. రెండో ప్రయోగంలో 150 మందికి ఇంకో ఫిలిం చూపించి, వారం తరవాత మళ్లీ పిలిచి, పగిలిన గాజు ముక్కలు కనిపించాయా అని అడిగారు. ఆ ఫిలింలో గాజు పగలనే లేదు. అయినా "నుజ్జయ్యేట్టు" అనే ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది కనిపించాయన్నారు. మామూలుగా "గుద్దుకున్నప్పుడు" అని విన్న 50 మందిలో అలా అన్నది ఏడుగురే. ఆ పదహారు మందిలో ఎవరూ అబద్ధమాడే ఉద్దేశంతో చెప్పలేదు. వారం కిందట విన్న ఒక మాట వాళ్ల జ్ఞాపకంలో గాజును పగలగొట్టింది.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆ పెద్దాయన వృత్తి కూడా పరాయి మనిషి మాటను కాగితం మీదికి ఎక్కించడమే. అర్జీలు, దస్తావేజులు రాసిన చెయ్యి ఆయనది. రాసిన ప్రతి కాగితాన్నీ చదివి వినిపించి, "ఇదేనా నాయనా నువ్వు చెప్పింది?" అని అడిగేవారు. అవునన్నాకే వేలిముద్ర. ఫోరెన్సిక్ సైకాలజీ పుస్తకాలు ఆయన చూసి ఉండరు. ఆ శాస్త్రం నూరేళ్లకు పైగా తిరిగి తిరిగి చేరుకున్నది మాత్రం ఆ ప్రశ్న దగ్గరికే. ఈ శాస్త్రాన్ని తడ నుంచి, సూళ్లూరుపేట నుంచి, సత్యవేడు నుంచి వెళ్లే పిల్లలు ఎందుకు చదవాలో, చదివితే ఏం నేర్చుకోవాలో చెప్పడమే ఈ ఉపన్యాసం పని.

రచ్చబండ శాస్త్రం

ఫోరెన్సిక్ అనే మాట లాటిన్‌లోని ఫోరం నుంచి వచ్చింది. ఫోరం అంటే రోమ్ నగరంలో జనం చేరి వ్యవహారాలు మాట్లాడుకునే, తగవులు తీర్చుకునే బయలు. తెలుగు ఊళ్లో దానికి సరిపోయే చోటు రచ్చబండ. రచ్చకెక్కిన తగవులో మనుషులు చెప్పే మాటకూ, వాళ్ల మనసుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించేది ఫోరెన్సిక్ సైకాలజీ.

సినిమాలు, సీరియళ్లు దీనికి వేరే రూపం ఇచ్చాయి. నేరం జరిగిన గదిలోకి ఒక నిపుణుడు వస్తాడు, గోడలు చూస్తాడు, హంతకుడి వయసూ బాల్యమూ చెప్పేస్తాడు. ఈ కోర్సులో చేరాలనుకునే పిల్లలు చాలామంది ఆ బొమ్మను చూసే వస్తారు. చదువు మొదలయ్యాక వాళ్ల ముందుకొచ్చేవి వేరు: జ్ఞాపకం ఎలా ఏర్పడుతుంది, ఎలా చెదురుతుంది, భయంలో మనిషి ఏం ఒప్పుకుంటాడు, నాలుగేళ్ల బిడ్డను ఎలా అడగాలి, మతి స్థిమితం లేని నిందితుడికి విచారణ అర్థమవుతుందా, జైల్లో ఉన్నవాడు మారతాడా. వీటితో పాటు గణాంకాలు, పరిశోధనా పద్ధతులు, సాక్ష్య చట్టం.

ఈ శాస్త్రానికి తొలి గొంతు హ్యూగో మున్‌స్టర్‌బర్గ్‌ది. జర్మనీలో పుట్టి హార్వర్డ్‌లో పాఠం చెప్పిన ఆయన, సాక్షి బోను గురించి 1908లో ఒక పుస్తకం వేశారు. నిజాయితీపరుడైన సాక్షి కూడా పొరబడతాడనీ, న్యాయవాదులు మనస్తత్వ శాస్త్రాన్ని పట్టించుకోవడం లేదనీ గట్టిగా నిందించారు. మరుసటి ఏడే జాన్ హెన్రీ విగ్‌మోర్ అనే సాక్ష్య చట్ట పండితుడు జవాబిచ్చారు. ఒక కల్పిత విచారణ రాసి, అందులో మున్‌స్టర్‌బర్గ్‌ను ప్రతివాదిగా నిలబెట్టి ఓడించారు. మీ ప్రయోగాలు ఏవి, కోర్టుకు పనికొచ్చే రుజువులు ఎక్కడ అన్నది ఆయన ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. ఆ తరవాతి దశాబ్దాల్లో జరిగిన పరిశోధనంతా దానికి జవాబుగానే చూడవచ్చు.

'అంట' అనే రెండక్షరాలు

లాఫ్టస్ ప్రయోగం ఇంగ్లిష్‌లో జరిగింది. తెలుగులో అయితే పరిశీలించవలసింది ఇంకా ఎక్కువ ఉంది.

తెలుగు మాట్లాడే మనిషి తాను చూసినదాన్నీ విన్నదాన్నీ క్రియ చివరే విడదీసి చెబుతాడు. "వాడు కత్తి తెచ్చినాడు" అంటే చూశాడు. "వాడు కత్తి తెచ్చినాడంట" అంటే ఎవరో చెప్పగా విన్నాడు. విన్నదాన్ని చూసినదానిలా చెప్పడానికి వీల్లేదని సాక్ష్య చట్టం 1872 నుంచీ చెబుతున్నది. నోటి సాక్ష్యం చూసిన సంగతైతే స్వయంగా చూసినవాడిదే, విన్న సంగతైతే స్వయంగా విన్నవాడిదే అయి ఉండాలన్న ఆ నియమం 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలోనూ అలాగే ఉంది. చదువు రాని పల్లెటూరి మనిషి రోజూ ఈ నియమాన్ని పాటిస్తూనే మాట్లాడతాడు. అతని మాట స్టేషన్‌లో గ్రాంథికపు తెలుగులోకి, ఆ తరవాత కోర్టులో ఇంగ్లిష్‌లోకి మారేటప్పుడు ఆ రెండక్షరాలు రాలిపోతే, విన్నవాడు చూసినవాడైపోతాడు. ఏళ్ల తరవాత బోనులో "నేను చూడలేదయ్యా" అంటే అతనికి ఎదురు తిరిగిన సాక్షి అని పేరు పడుతుంది. అతను మొదటి రోజు చెప్పిందీ అదే కావచ్చు.

ఇంకో సంగతి. తెలుగులో గ్లాసు పగులుతుంది, గ్లాసును పగలగొడతారు కూడా. కొమ్మ విరుగుతుంది, కొమ్మను విరుస్తారు. అనుకోకుండా జరిగినదానికి మనం మొదటి రూపమే వాడతాం: "చెయ్యి జారి గ్లాసు పగిలింది." ఇంగ్లిష్ వాళ్లు అనుకోకుండా జరిగినదానికి కూడా ఫలానావాడు పగలగొట్టాడనే ఎక్కువగా అంటారు. కేట్లిన్ ఫాసీ, లెరా బొరొడిట్‌స్కీ ఇంగ్లిష్, స్పానిష్ మాట్లాడేవాళ్ల మీద ఈ తేడాను పరీక్షించి 2011లో ప్రచురించారు. అనుకోకుండా జరిగిన సంఘటనలో చేసిన మనిషి ఎవరో ఇంగ్లిష్ వాళ్లకు ఎక్కువగా గుర్తుంది, స్పానిష్ వాళ్లకు తక్కువగా గుర్తుంది. కావాలని చేసిన పనుల విషయంలో ఆ తేడా కనబడలేదు. తెలుగు సాక్షి "పగిలింది" అన్నప్పుడు, రాసేవారు "పగలగొట్టాడు" అని రాస్తే, నేరానికి ప్రాణమైన ఉద్దేశం అనే అంశం రాసేవారి చేతిలో పుట్టినట్టు అవుతుంది.

తడకు ఈ విషయం మరీ దగ్గరిది. ఇది సరిహద్దు. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఎటు తిరిగినా రెండు భాషలు వినబడతాయి. పులికాట్ మీద వేటకు వెళ్లేవారు, భీమునివారిపాళెం దగ్గర ఆగే లారీ డ్రైవర్లు, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు బస్సుల్లో వచ్చే ఆడపిల్లలు ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగిస్తారు. ఒడియా, హిందీ మాట్లాడే కార్మికులూ ఉన్నారు. ఇక్కడ ఒక వాంగ్మూలం కోర్టు చేరేలోగా రెండు మూడు భాషలు దాటుతుంది.

చట్టంలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం కింద సాక్షి చేత సంతకం పెట్టించకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 162, కొత్త నాగరిక సురక్షా సంహితలో 181 సెక్షన్ చెప్పేది ఇదే. పోలీసు కాగితానికి సాక్షిని కట్టిపడేయకూడదని అలా పెట్టారు. కోర్టులో ఇచ్చిన సాక్ష్యాన్ని మాత్రం పూర్తయ్యాక సాక్షికి చదివి వినిపించాలి, తప్పుంటే సాక్షి చెప్పవచ్చు, భాష రానివారికి తెలిసిన భాషలో చెప్పాలి. ఇది పాత 278, కొత్త 313. అర్జీలు రాసిన పెద్దాయన అలవాటే చట్టంలోనూ ఉంది. ఆ చదివి వినిపించడం ఎంత శ్రద్ధగా జరుగుతున్నది, విన్నవారికి ఎంత అర్థమవుతున్నది అన్నది ఎం.ఎ. విద్యార్థి ఒకరు ఏడాది పాటు కోర్టు హాల్లో కూర్చుని రాయదగిన పరిశోధనాంశం.

ఒప్పుకున్నాడు అనే మాట

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుకుంటున్న అమ్మాయి హత్యకు గురైంది. రాష్ట్రమంతా అట్టుడికింది. 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేద యువకుడిని పట్టుకున్నారు, నేరం ఒప్పుకున్నాడన్నారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. జైల్లో ఉండగా అతనికి నరాల జబ్బు వచ్చి కదలలేని స్థితికి చేరాడు. 2017 మార్చి 31న హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషి అన్నది, దర్యాప్తు తీరును తప్పుపట్టింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా అయింది. 2018లో అదే కోర్టు కేసును మళ్లీ మొదటి నుంచి దర్యాప్తు చేయమని సి.బి.ఐ.కి ఇచ్చింది. ఆ యువకుడి ఎనిమిదేళ్లు తిరిగి రాలేదు, చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులకు జవాబూ దొరకలేదు.

చెయ్యని నేరాన్ని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు? జనం దీన్ని నమ్మరు. కొడితే ఒప్పుకుంటాడని మాత్రం అంటారు. దెబ్బ లేకుండా కూడా ఒప్పుకుంటారని చూపించినవాడు గిస్లీ గుడ్‌యోన్సన్. ఐస్లాండ్‌లో పోలీసు డిటెక్టివ్‌గా పనిచేసి, తరవాత లండన్‌లో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడైన ఆయన 1984లో ఒక కొలమానం తయారుచేశారు. మనిషికి ఒక చిన్న కథ చదివి వినిపిస్తారు. గుర్తున్నది చెప్పమంటారు. తరవాత ఇరవై ప్రశ్నలు వేస్తారు, వాటిలో పదిహేను కథలో లేని విషయాన్ని ఉన్నట్టు అడిగేవి. ఆ మీద, "చాలా తప్పులు చెప్పావు, మళ్లీ జాగ్రత్తగా చెప్పు" అని గట్టిగా అంటారు. ఆ మనిషి ఎన్ని జవాబులు మార్చుకుంటాడో అక్కడ తెలుస్తుంది. నిద్ర లేనివారు, తక్కువ బుద్ధిస్థాయి ఉన్నవారు, పెద్దవారి మాట కాదనడం అలవాటు లేనివారు త్వరగా లొంగుతారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ సిక్స్‌గా పేరుపడిన ఆరుగురు బాంబు పేలుళ్ల కేసులో పదహారేళ్లు జైల్లో గడిపి 1991లో నిర్దోషులుగా బయటికి వచ్చారు. వారిని పరీక్షించినవారిలో గుడ్‌యోన్సన్ ఒకరు. ఆ రకం కేసుల దెబ్బకే 1990ల మొదట్లో ఇంగ్లండ్ పోలీసులు ఇంటరాగేషన్ పద్ధతిని వదిలి, ఒప్పుకోలు కోసం కాకుండా సమాచారం కోసం అడిగే పద్ధతికి మారారు.

మన చట్టం 1872లోనే పోలీసు ఎదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యం కాదన్నది. ఇప్పుడది సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. అయినా ప్రతి పెద్ద కేసులో "నేరం అంగీకరించిన నిందితుడు" అనే శీర్షిక మరుసటి రోజు పత్రికలో వస్తుంది. కోర్టు తీసుకోని మాటను ఊరు తీసుకుంటుంది.

సూది మందు, ముఖం తీరు

ఒప్పుకోలు మీద నమ్మకం తగ్గినప్పుడు యంత్రం మీద ఆశ పుడుతుంది. 2000 తరవాత పదేళ్లు మన దేశంలో సూది మందు ఇచ్చి మాట్లాడించే నార్కో పరీక్షలు, లై డిటెక్టర్లు, మెదడు తరంగాల పరీక్షలు పెద్ద వార్తలయ్యాయి. 2008లో పుణేలో ఒక యువతికి శిక్ష పడిన హత్య కేసులో మెదడు తరంగాల పరీక్షను కోర్టు సాక్ష్యంగా పరిగణించింది. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడింది. 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో తీర్పు చెప్పింది: మనిషి ఇష్టానికి విరుద్ధంగా ఈ మూడింటిలో ఏదీ చేయకూడదు, అది రాజ్యాంగం 20(3), 21 అధికరణాలకు విరుద్ధం. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్న హక్కు మనసు లోపలికీ వర్తిస్తుందని ఆ తీర్పు చెప్పింది. ఫోరెన్సిక్ సైకాలజీ విద్యార్థి మొదటి సెమిస్టర్‌లోనే ఆ తీర్పును మొత్తం చదవాలి.

యంత్రం సరే, అనుభవం ఉన్నవారి కన్ను అబద్ధాన్ని పట్టదా? సాక్షి తీరు గురించి తనకు అవసరమనిపించింది జడ్జి రాసుకోవచ్చని చట్టం కూడా అంటుంది. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అప్పటిదాకా జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి 2006లో లెక్క కట్టారు. 24,483 మంది ఇచ్చిన తీర్పుల్లో నిజమేదో అబద్ధమేదో సరిగ్గా చెప్పినవి సగటున 54 శాతం. బొమ్మా బొరుసా వేస్తే 50 వస్తుంది. కళ్లు దించుకుని మాట్లాడేవాడు దాస్తున్నాడనుకునే అధికారికి, పెద్దల ముందు కళ్లెత్తకూడదని పెరిగిన పల్లెటూరి పిల్ల ఎప్పుడూ దోషిలాగే కనిపిస్తుంది.

మదనపల్లె

2021 జనవరి 24న అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో, బాగా చదువుకున్న ఒక దంపతుల ఇంట్లో వాళ్ల ఇద్దరు కూతుళ్లు హత్యకు గురయ్యారు. తండ్రి డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడు, తల్లి పాఠశాల నడిపేవారు. కూతుళ్లు మళ్లీ బతికి వస్తారని తల్లిదండ్రులు నమ్మినట్టు పోలీసులు చెప్పారు. నిందితులైన ఆ ఇద్దరినీ మొదట మదనపల్లె సబ్‌జైలుకు, తరవాత తిరుపతి రుయా ఆసుపత్రికి, అక్కడి నుంచి విశాఖపట్నం మానసిక వైద్యశాలకు పంపారు. టీవీలు వారాల తరబడి చూపించాయి. చదువుకున్నవాళ్లు ఇలా ఎలా చేస్తారన్నదే అందరి ప్రశ్న.

ఫోరెన్సిక్ సైకాలజీ అడిగే ప్రశ్న వేరు. ఆ సమయంలో ఆ మనిషికి తాను చేస్తున్న పని ఏమిటో తెలుసా? అది తప్పని, చట్టవిరుద్ధమని తెలుసుకోగల స్థితిలో ఉన్నారా? 1843 నాటి ఇంగ్లండులోని మెక్‌నాటన్ కేసు నుంచి, 1860 శిక్షాస్మృతి 84వ సెక్షన్ మీదుగా, నేటి న్యాయ సంహిత 22వ సెక్షన్ దాకా వచ్చిన ప్రశ్న ఇది. జబ్బు ఉందని డాక్టరు రాసినంత మాత్రాన సరిపోదు. వైద్యం చెప్పే మతిభ్రమణం వేరు, చట్టం చెప్పేది వేరు అని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో, చూడవలసింది నేరం జరిగిన ఆ క్షణంలోని మానసిక స్థితి అని తేల్చింది. పరీక్ష చేసేవారు నిందితుణ్ని చూసేది రోజులు, నెలలు గడిచాక. గడిచిపోయిన ఒక రాత్రిలోని మనసును చుట్టుపక్కలవాళ్ల మాటలు, పాత వైద్య కాగితాలు, నిందితుడి ముందు వెనకల ప్రవర్తన ఆధారంగా తిరిగి కట్టాలి. ఇది చాలా నెమ్మదైన పని, టీవీ చర్చకు లొంగని పని.

ఇంకో ప్రశ్న దానికి పూర్తిగా విడిగా ఉంటుంది: ఇవాళ కోర్టులో ఏం జరుగుతున్నదో ఆ మనిషికి అర్థమవుతున్నదా, తన వకీలుకు విషయం చెప్పుకోగలడా? అర్థం కాకపోతే విచారణ ఆపి వైద్యం ఇప్పించాలి. నేరం నాటి మనసు, విచారణ నాటి మనసు. ఈ రెండింటినీ విడదీయలేని విద్యార్థికి మిగతా పాఠాలన్నీ తడబడతాయి.

బిడ్డ నోటి మాట

ఈ ఉపన్యాసానికి పేరు ఇచ్చింది నిజానికి ఒక చట్టం. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 26వ సెక్షన్ ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని, బిడ్డ నమ్మే పెద్దవారి సమక్షంలో, బిడ్డ ఎలా చెబితే అలాగే రాయాలి. 24వ సెక్షన్ ప్రకారం బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటనో, వీలైనంతవరకు ఎస్.ఐ. స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వెళ్లి రాయాలి. కోర్టులో వకీలు బిడ్డను నేరుగా అడగకూడదు, జడ్జి ద్వారా అడగాలి.

బిడ్డ ఎలా చెబితే అలా. తెలుగు బిడ్డ శరీర భాగాలకు ఇంట్లో నేర్పిన ముద్దు పేర్లు చెబుతుంది. "మామ" అన్నప్పుడు మేనమామ కావచ్చు, ఎదురింటి మనిషి కావచ్చు, ఆటో నడిపే ఆయన కావచ్చు. "నిన్న" అంటే పోయిన నెల కావచ్చు. ఆ మాటలను అధికారి సవరించి మంచి తెలుగులో రాస్తే కాగితం చక్కగా ఉంటుంది, బిడ్డ అందులో ఉండదు. "వాడు నిన్ను ముట్టుకున్నాడా?" అని అడిగితే పిల్లలు పెద్దవారి కోసం అవునంటారు. "ఏం జరిగిందో చెప్పు తల్లీ", "తరవాత?" అని అడిగితే తమకు తెలిసింది తాము చెబుతారు. పిల్లల వాంగ్మూలాల మీద ప్రపంచంలో జరిగిన పరిశోధన చాలావరకు ఈ రెండు తరహా ప్రశ్నల తేడా గురించే.

హైదరాబాదులో 2016లో పోలీసులు మొదలుపెట్టిన భరోసా కేంద్రంలో కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సహాయం, వాంగ్మూలం ఒకే కప్పు కింద ఉంటాయి. 2018లో అక్కడే పిల్లల కోసం కోర్టు కూడా ఏర్పాటైంది. తెలుగు విద్యార్థి ఈ శాస్త్రం పని చేయడాన్ని కళ్లారా చూడగల చోట్లలో అది ఒకటి.

శిక్షకు ముందు

1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీకి దిగిన ఇద్దరు యువకులు బస్సు తగలబెట్టారు. 23 మంది చనిపోయారు. ఇద్దరికీ ఉరి పడింది. రచయితలు, హక్కుల కార్యకర్తలు క్షమాభిక్ష కోసం తిరిగారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ ఉరిని యావజ్జీవంగా మార్చారు. కాలిపోయినవారి కుటుంబాల దుఃఖం ఒకవైపు, మనిషి మారతాడా అనే ప్రశ్న ఒకవైపు నిలబడిన కేసు అది. ఆ రెండో ప్రశ్నకు శాస్త్రం తరఫున కోర్టులో తప్పనిసరిగా జవాబు చెప్పించే ఏర్పాటు ఆనాడు లేదు.

2022 మే నెలలో మనోజ్ వర్సెస్ మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఖాళీని పూరించే ప్రయత్నం చేసింది. ఉరిశిక్ష పడే అవకాశం ఉన్న కేసుల్లో, నిందితుడి మానసిక స్థితి మీద నిపుణుల నివేదికను ప్రభుత్వమే విచారణ దశలో కోర్టు ముందుంచాలన్నది. బాల్యం, కుటుంబం, చదువు, జైల్లో ప్రవర్తన అన్నీ పరిశీలించాలన్నది. ఇలాంటి నివేదిక రాయాలంటే ఆ మనిషి పుట్టిన ఊరికి వెళ్లాలి, అమ్మతో, పాఠం చెప్పిన అయ్యవారితో వాళ్ల యాసలోనే మాట్లాడాలి. ఢిల్లీ నుంచి వచ్చిన నిపుణుడు దుబాసీని పెట్టుకుని చేయగల పని కాదిది.

ఎక్కడ చదవాలి

తడ విద్యార్థికి దారి దగ్గర నుంచే మొదలవుతుంది. 1954లో మొదలైన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర విభాగం, న్యాయశాస్త్ర విభాగం రెండూ ఉన్నాయి. అదే ఊళ్లో వైద్య కళాశాల, రుయా ఆసుపత్రి ఉన్నాయి. మనసు, చట్టం, వైద్యం ఒకే ఊళ్లో దొరకడం చిన్న విషయం కాదు. శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయంలో డిగ్రీలోనే మనస్తత్వ శాస్త్రం చదవవచ్చు. ప్రత్యేకంగా ఫోరెన్సిక్ సైకాలజీ కోరేవారికి గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఉంది. గుజరాత్ రాష్ట్ర సంస్థగా మొదలై, 2020లో జాతీయ సంస్థ అయింది.

చేరేముందు ఒక విషయం స్పష్టంగా తెలియాలి. ఫోరెన్సిక్ సైకాలజిస్టు అనే పేరుతో మన దేశంలో విడిగా లైసెన్సు లేదు. నిందితుణ్ని పరీక్షించి నివేదిక ఇచ్చే పని చేయాలనుకునేవారికి భారత పునరావాస మండలి గుర్తించిన క్లినికల్ సైకాలజీ శిక్షణ కావాలి. ఆ శిక్షణ లేనివారికి కూడా పని ఉంది: ప్రయోగశాలలు, బాలల సంక్షేమ వ్యవస్థ, జైళ్లలో కౌన్సెలింగ్, బాధితులకు సహాయం, పోలీసు శిక్షణ, పరిశోధన. ఏడేళ్లకు తగ్గని శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లాలని కొత్త నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ చెబుతోంది. రక్తపు మరక, వేలిముద్ర, బూటు గుర్తు ఇక జాగ్రత్తగా ఎత్తుతారు. సాక్షి జ్ఞాపకాన్ని అదే జాగ్రత్తతో ఎత్తేవారి కోసం అలాంటి సెక్షన్ ఇంకా రాలేదు.

కొలబద్ద ఎవరి భాషలో

చివరగా ఒక అభ్యర్థన, ముఖ్యంగా తిరుపతిలో పాఠం చెప్పే ఆచార్యులకు.

ఈ రంగంలో వాడే పరీక్షలు చాలావరకు ఇంగ్లిష్‌లో పుట్టాయి. పరీక్షను తెలుగులోకి మార్చడమంటే వాక్యాలు అనువదించడం కాదు. తెలుగు మనుషుల మీద ప్రయోగించి, మన దగ్గర సగటు ఎంత, చదువు లేనివారిలో ఎంత, అరవం ఇంట్లో తెలుగు బయట మాట్లాడేవారిలో ఎంత అని మళ్లీ కొలవాలి. 1930ల్లో వి.వి. కామత్ అనే పండితుడు విదేశీ బుద్ధి పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లల కోసం ఇలాగే పిల్లల మధ్య కూర్చుని తిరగరాశారు. బినే-కామత్ పరీక్షగా అది ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. ఒక్క మనిషి శ్రద్ధ తొంభై ఏళ్లుగా పనికొస్తున్నది.

అలాంటి పని తెలుగులో చేయడానికి కావలసినవి పెద్ద భవనాలు కావు. లాఫ్టస్ ప్రయోగాన్ని "రాసుకుపోయింది", "తగిలింది", "గుద్దింది", "నుజ్జు చేసింది" అనే నాలుగు మాటలతో ఒక సెమిస్టర్‌లో చేయవచ్చు. "తెచ్చినాడు", "తెచ్చినాడంట" తేడా వాంగ్మూలాల్లో ఎంత మిగులుతున్నదో కొన్ని పాత కేసుల కాగితాలు తీసి లెక్కించవచ్చు. గుడ్‌యోన్సన్ కథ స్థానంలో పులికాట్ ఒడ్డు కథ ఒకటి రాసి, సూళ్లూరుపేట, నాయుడుపేట, సత్యవేడు మనుషులకు చదివి వినిపించి, మాట మార్చుకునేదెవరో చూడవచ్చు. మనస్తత్వ శాస్త్రం చదివే పిల్లను, లా చదివే పిల్లవాణ్ని ఒకే ప్రాజెక్టులో జంట కట్టి వారానికొక రోజు సూళ్లూరుపేట కోర్టుకు పంపితే, సాక్ష్యం ముగిశాక చదివి వినిపించే ఆ నాలుగు నిమిషాలను వాళ్లిద్దరూ గమనించి రాసుకురాగలరు. ఎవరు చదివారు, ఏ భాషలో చదివారు, సాక్షి మధ్యలో ఆపారా, ఆపితే ఏ మాట దగ్గర ఆపారు.

అర్జీలు రాసిన ఆ పెద్దాయన దగ్గర వేలిముద్ర వేసిన మనిషి కూడా అప్పుడప్పుడు మధ్యలో ఆపేవాడట. "అట్ల కాదు సామీ, నేను చూసినా అన్లేదు, విన్నా అన్నా" అంటే ఆయన కాగితం పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకుని మళ్లీ మొదటి నుంచి రాసేవారు.